ఖాళీ కాల్

ఆ గదిలో రెండు కుర్చీలు, ఒక బల్ల, రెండు ఫోన్లు, బుద్ధి పుట్టినప్పుడు తిరిగి లేనప్పుడు ఆగిపోయే ఒక ఫ్యాను ఉన్నాయి. కిటికీ తెరిస్తే సైకిల్ షాపు వెనకగోడ. బతుకు మీద ఆశ తెగినవాళ్ళకు ధైర్యం చెప్పే చోటు ఇదేనని ఎవరైనా అంటే, ముందు ఈ గదికి ఎవరైనా ధైర్యం చెప్పండి బాబూ అనాలనిపిస్తుంది. అయినా ఊరు ఊరంతటికీ ఉన్నది ఈ ఒక్క హెల్ప్‌లైనే.

ఏడేళ్ళుగా పొద్దుటిపూట ఆ కుర్చీలో కూర్చునేది ఒకే మనిషి కాబట్టి ఆవిడ అందరికీ పొద్దుటి పిన్ని అయింది. రానురాను ఉత్త పిన్ని. యాభై ఆరేళ్ళ మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లో గిన్నె జారిపడితే గిన్నెను తిట్టే రకం. శిక్షణ ఇచ్చిన ఆవిడ మొదటిరోజే ఈ మనిషి వారం ఉంటే గొప్ప అనుకుందట. ఏం మాయో గానీ, ఫోను చెవికి పెట్టుకోగానే పిన్నికి ఎక్కడలేని ఓపికా వచ్చేది. ఎదుటివాళ్ళు ఏడిస్తే ఏడవనిచ్చేది, తిడితే తిట్టనిచ్చేది. ఆ ఓపికంతా అక్కడే ఖర్చైపోయి, ఇంటికి చేరేసరికి చుక్క కూడా మిగిలేది కాదు.

సాయంత్రం కుర్చీ గళ్ళచొక్కా మాస్టారిది. బళ్ళో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి, రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఈయన ఫోనెత్తితే అవతలివాళ్ళే జాలిపడి ఈయన్ని ఓదారుస్తారని పిన్ని ఎగతాళి చేసేది. ఆయన దానికీ నవ్వి ఊరుకునేవాడు.

ఈ మధ్య పిన్నికి ఉన్న ఓపికా అరిగిపోతోంది. పొద్దున్నే లేచి వంట చేసి, బస్సెక్కి వచ్చి, ఫ్లాస్కు బల్లమీద పెట్టి కూర్చునేసరికే ఒళ్ళు బరువెక్కిపోయేది. పోనీ ఫోన్లన్నా తెగ మోగుతాయా అంటే అదీ లేదు. రాత్రి కుర్చీకి ఊపిరాడదు, పొద్దుటి కుర్చీ మాత్రం ఈగలు తోలుకోవాలి. వచ్చే ఆ నాలుగు కాల్సులోనూ సగం ఖాళీవి.

ఖాళీ కాల్ అంటే అవతల మనిషి ఉంటాడు, మాట ఉండదు. ఊపిరి వినిపిస్తుంది, ఎక్కడో బండి హారను వినిపిస్తుంది, అంతే. వెనకటికి ఎవరో ఆకతాయిలు పనిగట్టుకుని ఫోను చేసి ఇకిలిస్తుంటే విసిగిపోయి ఒక రూలు పెట్టారు. ‘ఉన్నారా’ అని మూడుసార్లు అడగాలి, పలక్కపోతే పెట్టెయ్యాలి. అలా పెట్టేసిన కాల్ లెక్కలోకి రాదు. మాటే లేనప్పుడు లెక్కేమిటని అందరూ అనుకున్నారు, పిన్నితో సహా.

ఆ సోమవారం ఫోను మోగకముందే తలుపు దగ్గర మేనల్లుడు కనిపించాడు. పిన్ని అన్న కొడుకు. ఆరోగ్య శాఖ ఆఫీసులో లెక్కల విభాగం అతనిది. ఊళ్ళో ఏ వయసువాళ్ళు ఎందుకు పోతున్నారో గీతలు గీసి పైవాళ్ళకు చూపించడం అతని ఉద్యోగం. ఆఫీసులో అందరూ అతన్ని చిత్రగుప్తుడంటారు, అతనికీ ఆ సంగతి తెలుసు. హెల్ప్‌లైను నడిచేదీ ఆ శాఖ కిందే.

“టీ ఉందా అత్తా?” అంటూ రెండో కుర్చీలో కూలబడ్డాడు.

“ఫ్లాస్కులో ఉంది, పోసుకో. ఏరా చిత్రగుప్తా, మొహం అలా వేలాడేశావేం?”

“నిద్ర లేదు. శుక్రవారం మీటింగు. ఐదేళ్ళ లెక్కలు తీయమంది పెద్ద మేడమ్.”

పెద్ద మేడమ్ అంటే ఆ శాఖకు పైఅధికారి. మేనల్లుడు కంప్యూటరు తెరిచి బల్లమీద తిప్పిపెట్టాడు. తెరమీద రంగురంగుల గీతలు. పిన్ని కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది.

“ఇవేంట్రా?”

“ఆత్మహత్యలు. ఈ ఆకుపచ్చది చదువుకునే పిల్లలది. అందరూ దీని గురించే మాట్లాడతారు, పేపర్లో వేస్తారు. ఎక్కువే, కాదనను. కానీ కాలేజీల్లో మనవాళ్ళు తిరగడం మొదలెట్టాక కొంచెం కొంచెంగా దిగుతోంది. ఇప్పుడు ఈ ఎర్రది చూడు.”

ఎర్రగీత ఎడమపక్క కింద మొదలై, తొందరేమీ లేకుండా కుడిపక్క పైకి ఎక్కిపోయింది.

“యాభై దాటిన మగవాళ్ళు,” అన్నాడు మేనల్లుడు. “పని పోయినవాళ్ళు, పని మానేసినవాళ్ళు. గోల లేదు, గొడవ లేదు, పేపర్లో రాదు. ఏటికేడాదీ పెరుగుతూ పోతోంది. అందులోనూ ఎక్కువ పొద్దుటిపూట, వారం మొదట్లో.”

“రాత్రిపూట కాదూ?”

“అందరూ అదే అనుకుంటారు. మన ఊరి లెక్క మటుకు అలా లేదు.”

పిన్ని కాసేపు ఆ ఎర్రగీత వంక చూసింది. అందులో ఒక్క మొహం కూడా కనిపించలేదు. ఎవరింటి మనిషో, ఎలాంటి చొక్కా వేసుకునేవాడో ఆ గీతకు పట్టదు.

“దీన్ని పట్టుకుని ఏం చేస్తార్రా? పోయినవాళ్ళు పోయారు.”

“పోయినవాళ్ళ గురించి ఈ గీత ఏమీ చెప్పదత్తా. ఇక ముందు ఎక్కడ కుర్చీ వెయ్యాలో చెబుతుంది. ఏ పూట వెయ్యాలో చెబుతుంది. దాన్నుంచి అంతకంటే ఆశించకూడదు.” గ్లాసు కింద పెట్టి నీళ్ళు నమిలాడు. “ఇంకో సంగతుంది. నువ్వు అరవకూడదు.”

“నేనెప్పుడు అరిచాన్రా?” అని పిన్ని అరిచింది.

“ఆ వయసు మగవాళ్ళ దగ్గర్నుంచి మన లైనుకి కాల్సు లేవు. ఉన్నా వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళెలాగూ ఫోను చెయ్యరు, పొద్దుటి లైను ఉత్తినే కూర్చుంటోంది, దాన్ని మూసేసి ఆ మనుషుల్ని రాత్రిపూట పిల్లలతో చాటింగుకి పెడదామని పెద్ద మేడమ్ ఆలోచన. శుక్రవారం తేల్చేస్తారు.”

దాచడమెందుకు, పిన్నికి మొదట కలిగింది హాయి. ఇంక పొద్దున్నే బస్సు వెంట పరిగెత్తనక్కర్లేదు, ఈ దిక్కుమాలిన ఫ్యాను కింద కూర్చోనక్కర్లేదు. ఆ వెంటనే సిగ్గేసింది. అంతలో ఫోను మోగింది.

ఎత్తి, “హెల్ప్‌లైనండీ, చెప్పండి” అంది. అవతల ఊపిరి. వెనకాల ఎక్కడో రేడియో గొణుగుతోంది. “ఉన్నారా?” అంది. జవాబు లేదు. “ఉన్నారా అండీ?” అంది. మూడోసారి అడగబోతూ తెరమీద ఎర్రగీత వంక చూసింది. తరవాత గోడమీద గడియారం వంక చూసింది. సోమవారం, పొద్దుటిపూట.

ఊపిరి బరువుగా ఉంది. ఆకతాయిల ఊపిరి కాదు, కూర్చున్నవాడు లేవాలంటే చెయ్యి ఆనించుకునే వయసు మనిషిది. ఏడేళ్ళలో ఇలాంటి ఊపిరులు ఎన్నింటిని పెట్టేసిందో ఆవిడకే తెలియదు.

“వాళ్ళు ఫోను చెయ్యరని ఎవరు చెప్పార్రా నీకు?” అంది, రిసీవరు చేత్తో మూసి. “చేస్తున్నారు. మాట్లాడట్లేదు, అంతే.”

మేనల్లుడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

పిన్ని మూడోసారి అడగలేదు, ఫోనూ పెట్టలేదు. కానీ మాట్లాడని మనిషితో ఏం మాట్లాడాలి? ఎదుటివాళ్ళు చెప్పేది వినమని శిక్షణలో నేర్పారు గానీ, వాళ్ళు ఏమీ చెప్పకపోతే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. పిన్నికి తెలిసిన విద్య ఒక్కటే, వాగడం.

“మీరు మాట్లాడక్కర్లేదండీ,” అంది. “నేనే మాట్లాడతాను, నాకలవాటే. మా వంటింట్లో కుళాయి కారుతోందండీ, మూణ్ణెల్లుగా టప్పు టప్పుమని. మా ఆయన ముప్పై ఏళ్ళు నీళ్ళ సరఫరాలో ఫిట్టరు. ఊరందరి కుళాయిలూ బాగుచేశారు, సొంత కుళాయి మాత్రం అలా ఏడుస్తోంది. మోకాళ్ళు అరిగాయని గడువుకి ముందే ఇంటికి పంపేశార్లెండి. అప్పట్నుంచి దేనికీ చెయ్యి కదపరు. ఆయనకి నోట్లో నాలుక లేదు, నాకేమో నోరంతా నాలికే. ప్రశ్న నేనే వేస్తాను, జవాబూ నేనే చెప్పుకుంటాను. టీ కావాలా, వద్దా, సరే వద్దులే అని ఫ్లాస్కు నేనే తెచ్చేసుకుంటాను.”

అవతల ఊపిరి అలాగే ఉంది. పిన్ని చెప్పుకుంటూ పోయింది. చివరికి చెప్పడానికేం దొరక్క, “రేపు కూడా ఇక్కడే ఉంటానండీ” అంది. కాసేపటికి లైను తెగింది.

“ఖాళీ కాల్సు మన దగ్గర లెక్కలో ఉండవు,” అన్నాడు మేనల్లుడు లేస్తూ. నిద్రలేని కళ్ళు ఇప్పుడు కొంచెం తెరుచుకున్నాయి. “ఫోను కంపెనీవాళ్ళ దగ్గర ఉంటాయి. అడుగుతాను.”

ఆ వారమంతా అదే వరస. మంగళవారం మోగింది, బుధవారం మోగింది. అదే మనిషని ఎలా తెలుసంటే, వెనకాల గొణిగే ఆ రేడియో. పిన్ని బస్సులో సీటు కోసం ఎవరో కొట్టుకున్న కథ చెప్పింది, ఫ్యాను కథ చెప్పింది, మళ్ళీ కుళాయి దగ్గరికొచ్చింది. మధ్యమధ్యలో ఆగేది. ఆగడమంటే ఆవిడకు ప్రాణసంకటం. నాలుక కరుచుకుని, పెన్ను గట్టిగా పట్టుకుని, అవతలి మనిషికి చోటిచ్చేది. అతను ఆ చోటు తీసుకోలేదు, అలాగని ఫోనూ పెట్టలేదు.

గురువారం అడగాల్సింది అడిగేసింది. “చచ్చిపోవాలని ఉందా అండీ?” అంది, టీ తాగుతారా అన్నంత మామూలుగా. అలా అడిగితే లేనివాళ్ళకు ఆ ఆలోచన పుట్టదని, ఉన్నవాళ్ళకు మాత్రం కాస్త ఊపిరాడుతుందని శిక్షణలో చెప్పారు. అవతల రేడియో ఆగిపోయింది. అతనే కట్టేసినట్టున్నాడు. ఊపిరి ఇంకా దగ్గరగా వినిపించింది.

“ఉంటే ఉండనివ్వండి,” అంది పిన్ని. “ఇవాళ్టికి నాతో ఉండండి. రేపటి సంగతి రేపు చూసుకుందాం.”

ఇలా అయిదు నిమిషాలు మౌనంగా కూర్చున్నా ఆవిడకు బస్తాలు మోసినట్టుండేది. ఇంటికెళ్ళేసరికి ప్రాణం ఉసూరుమనేది. ఆవిడ భర్త, హెల్ప్‌లైనువాళ్ళందరి నోటా బాబాయి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉండేవాడు. “తిన్నారా? తినే ఉంటార్లే. మోకాళ్ళ మందు వేసుకున్నారా? సరే, కుళాయి సంగతి అడగను, అడిగి ఏం లాభం,” అని గుక్క తిప్పుకోకుండా అనేసి మంచమ్మీద వాలిపోయేది. బాబాయి ఏదో అనబోయి నోరు తెరిచినట్టు ఒకటి రెండుసార్లు అనిపించింది. అప్పటికే ఆవిడ కళ్ళు మూతలు పడుతుండేవి.

శుక్రవారం పొద్దుటికి పిన్ని దగ్గర కథలైపోయాయి. గొంతు బొంగురుపోయింది. ఫోను ఎత్తి, ఊపిరి విని, “ఇవాళ నా దగ్గరేమీ లేదండీ,” అంది. “మధ్యాహ్నం మీటింగుంది. ఈ కుర్చీ ఉంటుందో ఊడుతుందో తెలీదు. కుళాయి మటుకు ఇంకా కారుతోంది.” ఆపైన ఊరుకుంది.

చాలాసేపటికి అవతల గొంతు సవరించుకున్న చప్పుడైంది.

“వాషరు పోయుంటుందమ్మా,” అన్నాడతను. ఎన్నాళ్ళగానో వాడని గొంతు. “వాషరు మారిస్తే చాలు.”

పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకేం అడగాలో తెలియక, “ఏ సైజండీ?” అంది. అతను చెప్పాడు. తరవాత భార్య పోయిన సంగతి చెప్పాడు. పొద్దున్నే లేచి టీ పెట్టబోయి ఎవరికని ఆగిపోతున్నానన్నాడు. ఎవరైనా తోడొస్తే డాక్టరు దగ్గరికి వెళతానన్నాడు. అలా తోడు పంపే ఏర్పాటు హెల్ప్‌లైనుకు ఉంది. పిన్ని అతని చిరునామా రాసుకుని, అతను వద్దనేలోగా మనిషిని పంపించింది.

పెద్ద మేడమ్ చెడ్డమనిషేం కాదు. ఉన్నది పొట్టి దుప్పటి, తలకు కప్పితే కాళ్ళు బయటపడతాయి, ఆ బాధ ఆవిడది. మీటింగులో ఆవిడ కళ్ళకింద కూడా పిన్నికున్నట్టే నల్లటి చారలు. మేనల్లుడు గోడమీద ఎర్రగీత వేసి, దాని పక్కన కొత్తగా ఒక బూడిదరంగు గీత వేశాడు. లెక్కలోంచి తీసేసిన ఖాళీ కాల్సన్నీ తెప్పించి గీసిన గీత అది. రెండూ జంటగా పైకి పోతున్నాయి. ఖాళీ కాల్సూ పొద్దుటిపూటే ఎక్కువ, వారం మొదట్లోనే ఎక్కువ.

“అంటే ఇవి వాళ్ళే చేశారంటావా?” అంది పెద్ద మేడమ్.

“అనలేను మేడమ్. రెండు గీతలు కలిసి నడిచినంతలో ఏదీ రుజువైనట్టు కాదు. ఆకతాయిలుండొచ్చు, తప్పు నంబర్లుండొచ్చు. కానీ ఈ వయసు మగవాళ్ళు ఫోను చెయ్యరని ఇన్నాళ్ళూ మనం గట్టిగా చెబుతూ వచ్చాం. అదీ చెప్పలేం.”

పెద్ద మేడమ్ పిన్ని వైపు తిరిగింది. “మీరేమంటారు?”

ఈ ఘడియ కోసం పిన్ని బస్సులో రోజూ ఒక ఉపన్యాసం కూర్చుకుంటూ వచ్చింది. తీరా ఇప్పుడు ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. “ఇవాళ ఒకాయన మాట్లాడారమ్మా,” అంది. “ఏం మాట్లాడారో చెప్పను, చెప్పకూడదు. మాట రావడానికి వారం పట్టింది. మన రూలు ప్రకారమైతే సోమవారమే పెట్టేసేదాన్ని. ఏడేళ్ళుగా అలా పెట్టేస్తూనే ఉన్నాను.”

పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. “పొద్దుటి లైను ఏడాది ఉంచండి,” అంది చివరికి. “ఆ రూలు తీసెయ్యండి. ఖాళీవి కూడా లెక్కలో వెయ్యండి. ఏడాది తరవాత గీత ఎటు పోయిందో చూసి మాట్లాడుకుందాం.”

“గెలిచావత్తా,” అన్నాడు మేనల్లుడు మెట్లు దిగుతూ. పిన్నికి గెలిచినట్టేమీ లేదు, ఎక్కడైనా నడుం వాలిస్తే బాగుండునని ఉంది. అయినా దారిలో సామాన్ల కొట్టు దగ్గర బస్సు దిగి, ఆ మనిషి చెప్పిన సైజు వాషరొకటి కొనుక్కుంది.

బాబాయి తలుపు తీశాడు. నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. కిటికీలో ఇంకా ఎండ ఉంది. పిన్ని చెప్పులు విడుస్తూనే, “ఇదిగో వాషరు తెచ్చాను, మీరు మారుస్తారా, మార్చర్లే, నేనే ఏదో తిప్పలు పడతాను,” అంటూ వంటింట్లోకి నడిచి ఆగిపోయింది. ఏదో తక్కువైంది. చప్పుడు లేదు. కుళాయి కింద రోజూ పెట్టే గిన్నె శుభ్రంగా తుడిచి బోర్లించి ఉంది.

“బాగుచేశారా?” అంది. ఆవిడకు నవ్వొచ్చింది. “మరి మూణ్ణెల్లు నా ప్రాణం ఎందుకు తీశారండీ?”

“ఊరికే. చేసేద్దామనిపించింది,” అన్నాడు బాబాయి.

అప్పుడు తలుపు వెనక మేకు కనిపించింది. పానాలూ రెంచీలూ ఉండే ఆయన తోలు సంచీ పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ మేకుకే వేలాడేది. దాన్ని పిన్నిని కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. మేకు ఒట్టిగా ఉంది.

“సంచీ ఏదీ?”

“కింది వాటా ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చేశాను. అతనికి పనికొస్తుంది.”

బల్లమీద కాగితాలు కట్టలు కట్టి ఉన్నాయి. ఇంటివి, బ్యాంకువి, గ్యాసువి. ఏవి ఏమిటో ఒక్కోదాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది, పిన్ని కళ్ళజోడు లేకుండా చదువుకునేంత పెద్దగా. “నీకు ఏది ఎక్కడుందో తెలీదుగా,” అన్నాడు బాబాయి.

హెల్ప్‌లైనులో కొత్తగా చేరినవాళ్ళకు ఈ పాఠం చెప్పేది పిన్నే. దిగులుగా ఉండే మనిషి ఉన్నట్టుండి ఇల్లు సర్దేసి, ప్రాణంగా చూసుకున్నవి ఇచ్చేస్తుంటే, హమ్మయ్య కుదుటపడ్డాడని సంబరపడకండి, కూర్చుని అడగండి అని. యాభై దాటిన మగవాడు, పని పోయినవాడు. వారం రోజులుగా ఎర్రగీత చూస్తూ, అందులో ఒక్క మొహం కనిపించడం లేదనుకుంది. గీత సంగతి సరే, ఇంట్లో ఉన్న మొహాన్ని తను సరిగ్గా చూసి ఎన్నాళ్ళయింది?

నోటిదాకా అరుపొచ్చింది. ఏమిటీ పిచ్చిపనులని ఒక్కసారి మొదలుపెడితే ఆపడం ఆవిడ తరం కూడా కాదు. దాన్ని అక్కడే అదిమిపెట్టి, కుర్చీ లాక్కుని ఆయనకెదురుగా కూర్చుంది.

“ఏమండీ, చచ్చిపోవాలని ఉందా?”

తెలియని మనిషిని అడిగినంత మామూలుగా అడగాలనుకుంది. గొంతు మాట వినలేదు, సగంలో విరిగిపోయింది.

బాబాయి పలకలేదు. ‘ఎందుకుంటుంది, ఉండదులే’ అన్న జవాబు అలవాటుగా పిన్ని నాలుక చివరికొచ్చి నిలబడింది. దాన్ని మింగేసింది. ఆయన ఊపిరి వింటూ కూర్చుంది. అదీ అలాగే బరువుగా ఉంది. ఇదే ఇంట్లో, ఇదే కుర్చీలో ఆ ఊపిరి ఇన్నాళ్ళూ ఉంది, ఆవిడే రోజూ పెట్టేసి పడుకుంది. కింద ఎవరో బండి తీసుకుని వెళ్ళిపోయారు. కిటికీలో ఎండ గోడమీదికి పాకింది. పిన్ని కదల్లేదు.

“ఉంది,” అన్నాడు బాబాయి.

“ఎప్పట్నుంచి?”

“పొద్దుటిపూట నా వల్ల కావట్లేదే. నువ్వు తలుపేసుకుని వెళ్ళాక మధ్యాహ్నం దాకా ఎలా గడపాలో తెలీట్లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదు.” ఆయన తన చేతులు చూసుకున్నాడు. “నువ్వొచ్చేసరికి అలిసిపోయి వస్తావు.”

నాతో అనొచ్చుగా అని పిన్ని అనబోయింది. ఎప్పుడనాలి, ఎక్కడ సందిచ్చింది గనక? “ఎవరికైనా చెప్పుకోవాల్సిందండీ,” అంది మెల్లగా.

“మీ లైనుకే చేద్దామనుకున్నాను. నంబరు కూడా నొక్కాను, రెండుమూడుసార్లు. మోగకముందే పెట్టేశాను.”

“ఎందుకని?”

బాబాయి తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. “పొద్దున్న ఎత్తేది నువ్వేగా.”

పిన్నికి ఏడుపు రాలేదు, ఏడవడానికి కూడా ఒంట్లో సత్తువ లేదు. ఊళ్ళో అందరికీ పలికే కుర్చీ అది, తన మొగుడొక్కడికి తప్ప. ఆ కుర్చీ పోకూడదని వారమంతా కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఆవిడ లేచి ఆయన పక్కకు కుర్చీ జరుపుకుని, ఆయన చేతులు రెండూ తన ఒళ్ళో పెట్టుకుంది. ఆయన చాలాసేపు మాట్లాడాడు, మధ్యలో చాలాసేపు ఊరుకున్నాడు. ఆవిడ ఒక్క వాక్యం కూడా ఆయన బదులు పూర్తిచెయ్యలేదు.

ఇంట్లో ఏమైనా తెచ్చి దాచుకున్నారా అని కూడా అడిగింది. బాబాయి బీరువా వైపు చూశాడు. పిన్ని ఫోను చేస్తే మేనల్లుడు పరిగెత్తుకొచ్చి, మావయ్య భుజమ్మీద చెయ్యి వేసుకుని కూర్చుని, వెళ్ళేటప్పుడు అక్కడున్నది తీసుకుపోయాడు. శనివారం ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరు మందులు రాసి, వారం వారం రమ్మని, నెమ్మదిగా తగ్గుతుంది గానీ ఇప్పట్లో ఒంటరిగా వదలొద్దన్నాడు. పిన్ని కిందికెళ్ళి సంచీ అడిగి తెచ్చి మేకుకు తగిలించింది. బాబాయి దాని వంక చూసి మొహం తిప్పుకున్నాడు. అంత తొందరగా ఏదీ కుదుటపడదు.

ఆదివారం పిన్ని మేనల్లుడికి ఫోను చేసింది. “రేపట్నుంచి పొద్దుటి కుర్చీలో మాస్టార్ని కూర్చోబెట్టరా. నేను సాయంత్రం కుర్చీకి మారతాను, అదీ మీ మావయ్య తేరుకున్నాక.”

“నువ్వు పోట్లాడి నిలబెట్టిన కుర్చీ కదత్తా.”

“కుర్చీ ఉండాలన్నాను గానీ, అందులో నేనే ఉండాలనలేదు.”

సోమవారం పొద్దున్న టీ పెట్టి, “కావాలా?” అని అడిగి, ఆయన ‘ఊఁ’ అనేదాకా గ్లాసు పట్టుకుని నిలబడింది. బాబాయి సగం తాగి ఫోను వైపు చూశాడు.

“ఇవాళ ఎవరెత్తుతారు?”

“గళ్ళచొక్కా మాస్టారు.”

“ఎలాంటివాడు?”

“నాలా వాగడు.”

బాబాయి మిగిలిన టీ తాగాడు. “తీరా ఎత్తాక నాకు మాట రాకపోతే?”

“రాకపోతే రాకపోనివ్వండి. ఆయన పెట్టెయ్యడు. రూలు మార్చేశాం.”

ఆవిడ తలుపు ఓరగా వేసి బయట మెట్లమీద కూర్చుంది. లోపల నంబరు నొక్కుతున్న చప్పుడు వినిపించింది, ఆ తరవాత ఏమీ వినిపించలేదు. లేచి వెళ్ళి ఏమైందని అడగాలని ఆవిడ కాళ్ళు తొందరపడుతున్నాయి. మోకాళ్ళు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని అలాగే కూర్చుంది. చాలాసేపటికి లోపల్నుంచి బాబాయి గొంతు వినిపించింది. ఏమంటున్నాడో చెవిన పడకముందే పిన్ని లేచి, ఇంకో నాలుగు మెట్లు దిగి కూర్చుంది.